చప్పుడు లేని ఛాతీ

జగ్గయ్యపేట,
జూన్ 11, 2025

పెదనాన్న గారికి,

మీ రాజ్యశ్రీ నమస్కారాలు. ఉత్తరం వచ్చిందనగానే పెద్దమ్మ కంగారు పడుతుంది కాబట్టి ముందే చెబుతున్నాను, నేను క్షేమం. ఇక్కడ సోమవారం పొద్దున ఫోన్లన్నీ తీసుకుని ఆఫీసు బీరువాలో పెట్టేస్తారు. మళ్ళీ ఆదివారం మధ్యాహ్నమే ఇస్తారు. అయినా మీకు ఫోన్ చేసి లాభమేముంది? "సిగ్నల్ లేదమ్మాయ్" అని పెద్దమ్మ చేతికి ఇచ్చేస్తారు. అందుకని ఉత్తరాలే రాస్తాను, మీరూ రాయాలి.

మా హాస్టలు హైవే పక్కన ఒక మేడ మీద. పగలంతా సిమెంటు లారీలే. ఉతికి ఆరేసిన చున్నీ సాయంత్రానికి బూడిద రంగుకి తిరుగుతోంది. మొత్తం ఇరవైనాలుగు మందిమి. పాఠం చెప్పే వెస్లీ గారు పద్దెనిమిదేళ్ళు అంబులెన్సులో తిరిగిన మనిషి. డాక్టరు వచ్చేదాకా, లేదా మనిషిని డాక్టరు దగ్గరికి చేర్చేదాకా, మధ్యలో ఏం చెయ్యాలో నేర్పడమే ఈ మూడు నెలల శిక్షణ.

మొదటి రోజే నా పరువు పోయింది. "ఫిట్స్ వచ్చి పడిపోయిన మనిషికి ఏం చేస్తారు?" అని అడిగారు. అందరికంటే ముందు నేనే లేచాను. "చేతిలో తాళాలు పెడతామండి."

"పెడితే?"

"తగ్గుద్దండి."

"ఎంతసేపటికి?"

"రెండు మూడు నిమిషాలకండి."

"పెట్టకపోతే ఎంతసేపటికి తగ్గుద్దో ఎప్పుడన్నా చూసావామ్మా?"

లేదండీ అని కూర్చున్నాను. చాలావరకు తాళాలు పెట్టకపోయినా రెండు మూడు నిమిషాలకే తగ్గుతుందట. మనం చెయ్యాల్సింది చుట్టూ ఉన్న రాళ్ళూ కుర్చీలూ జరపడం, తల కింద మెత్తగా ఏదైనా పెట్టడం, కదలికలు ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టడం, గడియారం చూడడం. ఐదు నిమిషాలు దాటితే ఆలస్యం లేకుండా ఆసుపత్రికి పంపాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. మన క్లినిక్ గుమ్మం పక్కన మేకుకి వేలాడే ఆ తాళాల గుత్తి ఎంతమంది చేతుల్లో పెట్టి ఉంటామో తలుచుకుంటే నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది.

నోట్సు తిరగేస్తే సగం "చేయకూడదు" అనే మాటే. స్పృహలేని మనిషికి నీళ్ళు పట్టకూడదు. యాక్సిడెంటు అయినవాణ్ణి కాళ్ళూ చేతులూ పట్టి ఆటోలో కుక్కకూడదు. పాము కరిస్తే పైన తాడు బిగించకూడదు. "చెయ్యాల్సినవి ఎప్పుడు చెబుతారండీ?" అని అడిగితే, "ముందు ఇవి మానేస్తే చాలామంది ఆసుపత్రి దాకా ప్రాణంతో వెళ్తారు తల్లీ" అన్నారు.

మా ఇల్లు గోడకి అవతలే ఉన్నా, నేను పెరిగింది మీ క్లినిక్ బెంచీ మీద. పేషెంటు "కడుపు నొప్పండీ" అనడం, పక్కనుంచి పెద్దమ్మ ఊరంతా వినేలా "కడుపు నొప్పంటా!" అని మళ్ళీ అనడం, మీరు తలపైకెత్తి చూడడం ఇక్కడ రోజూ గుర్తొస్తోంది. శిక్షణ అయ్యాక వచ్చి మీ పక్కన కూర్చుంటానన్న మాట మీదే కదా పంపారు. బాగా నేర్చుకుని వస్తాను.

మీ
రాజ్యశ్రీ


వీరులపాడు,
జూన్ 17

అమ్మాయి రాజ్యశ్రీకి పెదనాన్న ఆశీస్సులు.

ఉత్తరం అందింది. తాళాల సంగతి చదివి మీ పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. నందిగామలో డాక్టరు గారి దగ్గర తొమ్మిదేళ్ళు కాంపౌండరుగా చేసి, ఇక్కడికొచ్చి ముప్ఫై ఆరేళ్ళు వైద్యం చేశాను. పెద్ద చదువు లేకపోవచ్చు, ఆర్ఎంపీనే కావచ్చు. వర్షంలో వాగు దాటి రోగుల మంచాల దగ్గరికి వెళ్ళింది నేనే. తాళాలు పెడితే మనిషి చుట్టూ ఉన్న పదిమందికి ధైర్యంగా ఉండేది. అది మీ వెస్లీ గారి పుస్తకంలో ఉండదు.

అయినా నేర్చుకో. అన్నీ నేర్చుకో. మంచిదే.

ఇక్కడ పత్తి విత్తనాలు వేసి అందరూ ఆకాశం వంక చూస్తున్నారు. వాన రెండు చినుకులు రాల్చి పోయింది. క్లినిక్‌కి జనం మామూలుగానే వస్తున్నారు. నాకు అరవై నాలుగు దాటాయి. ఈ మధ్య అలసటగా ఉంటోంది. ఆగస్టు తర్వాత ఆ కుర్చీ నీదే, నేను పక్కన బెంచీ మీద కూర్చుంటాను. నందిగామ నుంచి పెయింటరుని పిలిపించి కొత్త బోర్డు రాయిస్తున్నాను. పైన నా పేరు, కింద "డాక్టర్ రాజ్యశ్రీ". అక్షరాలు ఎరుపా నీలమా అని మీ పెద్దమ్మా నేనూ రెండు రోజులుగా పోట్లాడుకుంటున్నాం.

ఫోను గొడవ నాకొద్దు. దాంట్లో మాట రేకుల మీద వాన పడ్డట్టు ఉంటుంది. ఉత్తరమైతే రెండుసార్లు చదువుకోవచ్చు.

ఒక్కటి అడుగుతున్నాను. ఛాతీ గురించీ ఊపిరి గురించీ పాఠం చెప్పినప్పుడు వివరంగా రాసి పంపు. ఆయాసపడే మనిషిని చూడగానే ఏమేం గమనించాలంటారో, ఒక్కటీ వదలకుండా రాయి. ఎందుకని అడగకు.

వేళకి తిను.

వెంకటరత్నం


జగ్గయ్యపేట,
జూలై 2

పెదనాన్న గారికి,

ముందు నా ఏడుపు వినండి. మొన్న ఆదివారం ఫోన్ చేశాను. మీరే ఎత్తారు. "నేనండీ, రాజ్యశ్రీని" అని నాలుగుసార్లు అన్నాను. "ఎవరూ? ఎవరది?" అని విసుక్కుని పెట్టేశారు. ఐదు గీతల సిగ్నలూ కనిపిస్తోంది నాకు. తాళాల గురించి రాసినందుకు కోపమొచ్చి ఉంటే తిట్టండి. ఎవరో తెలియనట్టు పెట్టేయకండి. బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. పక్క మంచం రూబీ "ఏంటే, ఇంటి దగ్గర ఏమన్నా అయిందా" అని అడిగితే ఏం చెప్పను?

సరే, పాఠం. ఛాతీది ఇంకా మొదలుపెట్టలేదు. పోయిన వారం నుంచి ఇద్దరిద్దర్ని అంబులెన్సు ఎక్కిస్తున్నారు. పేట నుంచి నందిగామ దాకా. లోపల చప్పుడు చెప్పలేను. సైరను, ఇంజను, పక్కన లారీల హారన్లు, స్ట్రెచరు గొలుసుల మోత. నేను స్టెత్ చెవుల్లో పెట్టుకుని బీపీ చూడబోతే నాకు వినిపించింది రోడ్డే. వెస్లీ గారు స్టెత్ తీయించేశారు. పట్టీ బిగించి మణికట్టు దగ్గర నాడి మీద వేళ్ళు పెట్టమన్నారు. నాడి మాయమయ్యేదాకా గాలి కొట్టి, మెల్లగా వదులుతూ, మళ్ళీ వేలికి ఎక్కడ తగులుతుందో అక్కడి అంకె చూసుకోవాలి. పై అంకె ఒక్కటే తెలుస్తుంది, ఆ క్షణానికి అది చాలు. చెవి పని వేలు చేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

వెస్లీ గారు మమ్మల్ని నవ్వించడానికి ఒక మాటన్నారు. "మెడలో స్టెత్ వేసుకు తిరిగేవాళ్ళలో సగం మందికి అది అలంకారమే. పెట్టినట్టు పెడతారు, వినపడినట్టు తలూపుతారు." క్లాసంతా గొల్లుమంది.

ఇంకో సంగతి. ఆ బోర్డు మీద నా పేరు రాయించకండి. డాక్టర్ అని అసలే వద్దు. నేను డాక్టర్ని కాను, అవను కూడా. మీరు బాధపడతారని తెలుసు. అయినా రాయించకండి.

రాజ్యశ్రీ


వీరులపాడు,
జూలై 7

రాజ్యశ్రీకి,

బోర్డు పని ఆపించాను. పెయింటరు వెళ్ళిపోయాడు.

నా పేరు కింద నీ పేరు ఉండడం నీకు నామోషీ అయితే ఆ మాట సూటిగా రాయాల్సింది. స్టెత్ అలంకారమనీ, తలూపుతారనీ ఇంకొకరి నోటితో చెప్పించనక్కర్లేదు. ఇంత చదువుకుని డొంకతిరుగుడు దేనికి? నీకు ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఈ ఇంట్లో ఆ సంగతి తెలిసింది ఒక్కరికే. మీ పెద్దమ్మ రత్తమ్మని అడిగితే ఒట్టు పెట్టుకుని ఏడుస్తోంది. రెండు రోజులుగా మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు.

నా గురించి మీ క్లాసులో చెప్పుకుని నవ్వుకున్నారా? చెప్పు.

వెంకటరత్నం


జగ్గయ్యపేట,
జూలై 13

పెదనాన్నా,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివినా నాకు అర్థం కాలేదు. పెద్దమ్మ నాకేం చెప్పాలి? పెద్దమ్మ నాకేమీ చెప్పలేదు. ఆవిడని ఏమీ అనకండి. వెస్లీ గారు ఊళ్ళో అందరినీ కలిపి వేసిన జోకు అది, మీ పేరు ఆయనకి తెలియను కూడా తెలియదు. మీ మీద నవ్వే మనిషినా నేను? ఇవాళ ఆదివారం, పెద్దమ్మకి ఫోన్ చేశాను. "నువ్వేం తప్పు చెయ్యలేదులే, ఆయనే చెబుతారు, నేను చెప్పకూడదు" అని పెట్టేసింది. మీకు ఒంట్లో ఏమన్నా తేడా చేసిందా? చక్కెరా? గుండెనా? నాలుగు రోజులుగా అదే ఆలోచన.

బోర్డు వద్దన్నది నామోషీ వల్ల కాదు. అసలు సంగతి రాయడానికి ధైర్యం చాలక ఆ మాటతో సరిపెట్టాను. ఇప్పుడు రాస్తున్నాను. నేను మీ కుర్చీలో కూర్చోలేను పెదనాన్నా. సూది వెయ్యలేను, సెలైన్ పెట్టలేను. అది నా పని కాదని ఇక్కడ రోజూ చెబుతున్నారు, అది నిజమని నాకూ తెలుస్తోంది. శిక్షణ అయ్యాక నందిగామలో అంబులెన్సు డ్యూటీకి అడుగుతాను. మీకిచ్చిన మాట తప్పుతున్నాను. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

ఛాతీ పాఠం శుక్రవారం అయింది. మీరు ఒక్కటీ వదలకుండా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

ఆయాసపడే మనిషిని ముందు కళ్ళతో చూడాలి. ఒక వాక్యం ఆగకుండా చెప్పగలుగుతున్నాడా? రెండు మాటలకే ఆగిపోతుంటే ప్రమాదం. భుజాలు ఎగురుతున్నాయా, గొంతు కింద గుంట లోపలికి పోతోందా, పెదాలు నీలంగా ఉన్నాయా, మగతగా ఉన్నాడా చూడాలి. ఊపిరి లెక్కపెట్టాలి, కానీ లెక్కపెడుతున్నట్టు అతనికి చెప్పకూడదు, చెబితే ఊపిరి మార్చేస్తాడు. నాడి చూస్తున్నట్టు చెయ్యి పట్టుకుని ఛాతీ వంక చూడాలి. పెద్దవాళ్ళకి నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై మామూలు. ముప్ఫై దాటితే ఆసుపత్రే. పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టే ఉంచాలి.

నన్ను భయపెట్టింది మాత్రం ఒకటి ఉంది. ఉబ్బసం మనిషి ఛాతీలో పిల్లికూతలు వినపడితే గాలి ఎంతో కొంత తిరుగుతున్నట్టే. బాగా ఆయాసపడుతున్న మనిషి ఛాతీ మీద స్టెత్ పెడితే ఏ చప్పుడూ లేకపోతే? తగ్గిందనుకుంటాం. కాదట. గాలి లోపలికి వెళ్ళడమే లేదన్నమాట. "చప్పుడు లేని ఛాతీని చూస్తే పరుగెత్తండి" అన్నారు వెస్లీ గారు. ఆ మాట అనేటప్పుడు ఆయన నవ్వలేదు.

కోపం తగ్గాకే జవాబు రాయండి. కానీ రాయండి.

రాజ్యశ్రీ


వీరులపాడు,
జూలై 24

తల్లీ,

నువ్వు ఛాతీ గురించి రాసిన ఉత్తరం పోయిన గురువారం వచ్చింది. రాసినవన్నీ విడిగా కాగితం మీద దించుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఈ మంగళవారం పొద్దున పదకొండింటికి వీధి చివర ఎరువుల కొట్టు కిషోర్‌బాబు వచ్చాడు. వాడి ఉబ్బసం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బెంచీ మీద కూలబడి "డాక్టరు గారూ" అని ఆగాడు. ఇంకో మాట రాలేదు.

అలవాటు చొప్పున స్టెత్ పెట్టాను. ఎప్పటిలాగే ఏమీ వినపడలేదు. ఎప్పటిలాగే "పర్లేదురా, శుభ్రంగా ఉంది" అనబోయాను. నోటిదాకా వచ్చింది. నీ ఉత్తరం గుర్తొచ్చి స్టెత్ తీసేశాను. చెయ్యి పట్టుకుని గడియారం చూస్తూ లెక్కపెట్టాను. ముప్ఫై ఎనిమిది. గొంతు కింద గుంట బొటనవేలు పట్టేంత లోపలికి పోతోంది. 108కి రత్తమ్మ చేత చేయించాను. వాడు ముందుకి వాలి కూర్చునేలా బల్ల జరిపి, వాడి మందు పీల్చే గొట్టం వాడి చేతే పీల్పించి, బండి వచ్చేదాకా వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. సూది వెయ్యలేదు. వాడు నందిగామ ఆసుపత్రిలో ఉన్నాడు. గండం గడిచిందని ఇందాకే కబురొచ్చింది.

ఇక అసలు సంగతి. నాకు వినపడదమ్మా.

రెండేళ్ళయింది. ముందు కుడి చెవి, తర్వాత ఎడమది. ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడితే పెదాలు చూసి పట్టుకుంటాను. రత్తమ్మ పేషెంటు మాట మళ్ళీ ఎందుకు అంటుందో నువ్వు అలవాటనుకున్నావు, అందరూ అలాగే అనుకున్నారు. పోయిన దసరా నుంచి స్టెత్‌లో చీమ చిటుక్కుమన్నంత కూడా లేదు. డాక్టరుకి చెవుడంటే ఇక ఎవరు వస్తారు? పెట్టినట్టు పెట్టి, తలూపేవాణ్ణి. అందుకే నీ జోకు నాకు అలా తగిలింది. నిన్ను కుర్చీలో కూర్చోబెట్టాలన్న తొందర కూడా అందుకే. నువ్వు వస్తే ఎవరికీ చెప్పకుండా తప్పుకోవచ్చనుకున్నాను. నీ ఫోను పెట్టేసింది కోపంతో కాదు. మాట్లాడుతున్నది నువ్వని నాకు తెలియలేదు.

ఇంతవరకైతే సిగ్గుతో సరిపోయేది. వరప్రసాదరావు మాస్టారు గుర్తున్నారా? డిసెంబరులో పోయారు. పోవడానికి ముందు రోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చారు. ఆయాసమన్నారు. స్టెత్ పెట్టాను. "ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి మాస్టారూ, పడుకోండి, రేపు చూద్దాం" అన్నాను. ఆయన నమ్మి ఇంటికి వెళ్ళారు. తెల్లారేసరికి లేరు. గుండె ఆగిందన్నారు, నేనూ అలాగే అన్నాను.

నువ్వు రాసింది చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు. ఆ రోజు ఆయన ఛాతీలో చప్పుడు ఉండి నాకు వినపడలేదా? లేక అక్కడ చప్పుడే లేదా? నాకు రెండూ ఒకటే కదా. ఆయన్ని నేనే చంపానా రాజ్యశ్రీ? నీకు పాఠం చెప్పే ఆయన్ని అడుగు. నా పేరు చెప్పినా పర్లేదు.

నీ పెదనాన్న


నందిగామ,
ఆగస్టు 1

పెదనాన్నా,

పోయిన సోమవారం నుంచి మా బ్యాచీకి ఇక్కడే అంబులెన్సు డ్యూటీ. ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని రాస్తున్నాను. మీ ఉత్తరానికి ఇది నాలుగో జవాబు. ముందు మూడూ చించేశాను.

మొదటిదాంట్లో అంతా కోపమే. రెండేళ్ళు! గోడకి అవతలే ఉన్నాను కదా, నాకు ఒక్క మాట చెప్పలేకపోయారా? పెద్దమ్మని అబద్ధంలో నిలబెట్టారు. వినపడని చెవులతో జనానికి ధైర్యం చెప్పారు. నాకు ఇంకా కోపంగానే ఉంది, దాచను. చిన్నప్పుడు నేను జ్వరంతో పడుకుంటే మీ స్టెత్ చల్లగా వీపుకి తగలగానే సగం తగ్గిపోయేది నాకు. మాస్టారికీ అలాగే అనిపించి ఉంటుంది. అది తలుచుకుంటే ఏడుపొస్తోంది.

వెస్లీ గారిని అడిగాను. మీ పేరు చెప్పలేదు. "ఆ మనిషికి ఉబ్బసమా, గుండెలో నీరా, మరోటా ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఎవరికీ తెలియదు. తెలుసని చెప్పేవాణ్ణి నమ్మొద్దు" అన్నారు. ఆ రోజు ఆసుపత్రికి పంపితే బతికేవారా అని అడిగాను. "అవకాశం ఉండేది. ఆ అవకాశం ఆయనకి ఇవ్వలేదు. అంతవరకే చెప్పగలను" అన్నారు. మిమ్మల్ని ఓదార్చడానికి ఇంకో మాట కలుపుదామనుకున్నాను. కలపలేను. మీరు నిజం అడిగారు.

నా సంగతీ చెప్పాలి మీకు. బుధవారం పరిటాల దాటాక ఒక ట్రాలీ ఆటో బోల్తా పడింది. మిరప నారు నాటడానికి వెళ్తున్న కూలీలు. నేను దిగగానే కాలు విరిగి గావుకేకలు పెడుతున్న ఒకావిడ దగ్గరికి పరుగెత్తాను. గట్టు మీద ఒకాయన తలగుడ్డ చేత్తో పట్టుకుని నిశ్శబ్దంగా కూర్చున్నాడు. దెబ్బేమీ లేదనుకుని ఆయన్ని దాటి వెళ్ళాను. వెస్లీ గారు నా జబ్బ పట్టి వెనక్కి లాగారు. ఆయనకి కడుపులో రక్తం కారుతోంది. అరిచేవాళ్ళకి అరిచేంత ఊపిరి ఉంది, ముందు అరవనివాళ్ళని చూడాలని పాఠంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. రోడ్డు మీద మర్చిపోయాను. ఆయన బతికాడు, నా వల్ల మాత్రం కాదు. చెవులు బాగున్నవాళ్ళకీ ఇలా జరుగుతుందని చెప్పడానికి రాస్తున్నాను. మీ తప్పు తగ్గించడానికి కాదు.

రెండు మాటలు అడుగుతాను. క్లినిక్ మూసేయండి. వారం తర్వాత కాదు, ఈ ఉత్తరం అందిన రోజే. నేనూ ఆ కుర్చీలో కూర్చోను, మీరూ కూర్చోవద్దు. జనం వస్తే కిషోర్‌బాబుని చూసినట్టు చూడండి, అంబులెన్సు పిలిపించండి, అది వచ్చేదాకా పక్కన ఉండండి. అది చిన్న పనేం కాదు. రెండోది, విజయవాడ వెళ్ళి చెవులు చూపించుకోండి. మిషను పెట్టుకుంటే నవ్వుతారని మీరంటారని తెలుసు. నవ్వనివ్వండి.

చంపానా అని నన్ను అడిగారు. ఆ మాట అడగాల్సింది నన్నూ కాదు, వెస్లీ గారినీ కాదేమో. ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయలేదు.

మీ అమ్మాయి


వీరులపాడు,
ఆగస్టు 10

తల్లి రాజ్యశ్రీకి,

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. సోమవారమే తలుపు వేశాను. సూదులు, మందు సీసాలు అట్టపెట్టెల్లో సర్ది ఇక్కడి సర్కారు ఆసుపత్రిలో అప్పజెప్పి వచ్చాను. జనం ఊరుకుంటారా? అరుగు మీదికే వస్తున్నారు. నాకు వినపడదని అందరికీ నేనే చెబుతున్నాను. కొందరు జాలిగా చూశారు, కొందరు నవ్వారు. ఒకాయన "మాకు ఎప్పుడో తెలుసులెండి" అన్నాడు. ఇంత దాచి ఏం లాభమో! రత్తమ్మ మాత్రం పదేళ్ళు వయసు తగ్గినట్టు తిరుగుతోంది. నాతో మళ్ళీ పోట్లాడుతోంది కూడా.

మాస్టారి ఇంటికి వెళ్ళాను. నువ్వు కొట్టేయకుండా వదిలేసిన ఆ వాక్యమే పంపింది. రత్తమ్మ వస్తానంది, వద్దన్నాను. మాస్టారి భార్య లలితాంబ గారు ఏం చెప్పినా రత్తమ్మ నాకు గట్టిగా మళ్ళీ చెబుతుంది, ఆ మాటలు వీధిలో పడడం, అవి నాకు రత్తమ్మ గొంతులో అందడం ఇష్టం లేక ఒక్కణ్ణే వెళ్ళాను.

ఆవిడ వసారాలో చాట ముందు పెట్టుకుని కందిపప్పు ఏరుకుంటున్నారు. కుర్చీ చూపించారు. కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్నవన్నీ మర్చిపోయి ఇంతే అన్నాను. "అమ్మా, ఆ రోజు మాస్టారికి స్టెత్ పెట్టి బానే ఉందన్నా. నాకేం వినపళ్ళేదు. నాకు చెవుడు. ఆసుపత్రికి పంపాల్సింది, పంపలా."

ఆవిడ చెయ్యి చాటలో ఆగింది. నా వంక చూడలేదు. మొహం గోడ వైపు తిప్పుకుని మాట్లాడడం మొదలుపెట్టారు. చాలాసేపు మాట్లాడారమ్మా. మధ్యలో రెండుసార్లు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఒకసారి తల అడ్డంగా ఊపారు. నాకు ఒక్క మాట వినపడలేదు. పెదాలు కనపడలేదు. తిట్టారో, శపించారో, పోనీలే అన్నారో, మాస్టారు చివర్లో పడిన బాధంతా చెప్పారో నాకు తెలియదు. ముప్ఫై ఆరేళ్ళు మనుషుల్ని "మళ్ళీ చెప్పు, ఎక్కడ నొప్పి" అని అడిగినవాణ్ణి, ఆవిడని మళ్ళీ చెప్పమని అడగలేకపోయాను. ఎనిమిది నెలలు మోసిన మాటలు ఒకసారి చెప్పడమే ఎంత కష్టమై ఉంటుందో. చెప్పడం అయ్యాక లేచి లోపలికి వెళ్ళిపోయారు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను.

ఐదు రోజులుగా అదే నా బాధ. ఆవిడ చెప్పారు, నేను వినలేదు. చేసిన తప్పు ఒప్పుకున్నాననుకుని వెళ్ళి, అదే తప్పు ఇంకోసారి చేసి వచ్చాను.

ఈ మంగళవారం కాక పై మంగళవారం పొద్దున మొదటి బస్సుకి బెజవాడ వెళ్తున్నాం, రత్తమ్మా నేనూ. నువ్వు నందిగామలో కలువు, డ్యూటీ లేకపోతే మాతో రా. మిషను పెట్టినా వెంటనే అంతా వినపడదనీ, అలవాటు కావడానికి నెలా రెండు నెలలు పడుతుందనీ ఆ మిషను పెట్టుకున్న ఒకాయన చెప్పాడు. పట్టనివ్వు. స్టెత్ మళ్ళీ పట్టుకోవడానికి కాదు, ఆ ఆశ నాకు లేదు. మాటలు సరిగా తెలియడం మొదలవగానే లలితాంబ గారి వసారాలోకి వెళ్ళి, ఈసారి కింద కూర్చుని, "అమ్మా, ఆ రోజు మీరన్నది నాకు వినపళ్ళేదు, ఇంకోసారి చెప్పండి" అని అడుగుతాను. ఆవిడ ఏం చెప్పినా సరే, అది నేను వినాలి.

పెదనాన్న